భుజం మీది తువ్వాలు

1959 నవంబర్ 22

మోకాలు మళ్లీ వాచింది. దవాఖానలో డాక్టరు నొక్కి చూసి తల అడ్డంగా ఊపాడు. నా ఫుట్‌బాల్ ఆట అయిపోయింది.

సాయంత్రం క్లబ్బులో మా కోచ్ ఉస్తాద్ పిలిచి తన తువ్వాలు నా చేతిలో పెట్టాడు. ఎర్ర అంచు తెల్ల తువ్వాలు. "ఇగ పోరగాండ్లను నువ్వు సూస్కో" అన్నాడు. మా క్లబ్బులో అదొక పద్ధతి. ఆఖరి నిమిషం రాగానే ఒడ్డున కూర్చున్న ఉస్తాద్ లేచి ఆ తువ్వాలు భుజం మీద వేసుకుంటాడు. జనం గోలలో కేక వినబడదు కదా. తువ్వాలు కనబడిందా, ఒంట్లో మిగిలిందంతా ఊడ్చి ఒక్క పరుగులో పెట్టేయాలి. ఇన్నేళ్లూ దాన్ని చూసి పరిగెత్తాను. ఇప్పుడు అది నా చేతిలో.

ప్రేమతోనే ఇచ్చాడా? లేక నన్ను ఒడ్డున కూర్చోబెట్టడానికా?

1961 జూలై 9

కొత్త కుర్రాళ్లలో ఒకడు — బొల్లారం సాయన్న. పొడుగ్గా ఉంటాడు, సెంటర్ హాఫ్‌కు పనికొస్తాడు. నోట్లో నాలుక లేదు. ఏం చెప్పినా "సరే సార్". ఇలాంటివాళ్ల మనసులో ఏముందో దేవుడికే తెలియాలి.

1963 జూన్ 14

సొంతూరికి వచ్చేశాను. జహీరాబాద్ హైస్కూల్లో డ్రిల్ మాస్టర్. క్లబ్బులో నన్ను సాగనంపడానికి అందరూ వచ్చారు. కొందరు మరీ సంతోషంగా కనబడ్డారు.

1966 ఏప్రిల్ 18

తంతి. జాతీయ జట్టుకు కోచ్‌గా రమ్మని! "తాత్కాలికంగా" అనే మాట కూడా ఉంది అందులో. ఉన్న పెద్ద కోచ్, కమిటీతో కొట్లాడి వెళ్లిపోయాడట. విదేశీ జట్టు రెండు ఆటలకు వస్తోంది — ఒకటి కలకత్తాలో, ఒకటి హైదరాబాద్‌లో.

దేశంలో ఇంతమంది ఉండగా, పిల్లల చేత చేతులెత్తించి దింపించే జహీరాబాద్ మాస్టరే ఎందుకు గుర్తొచ్చాడు? ఎవరి పని ఇది?

మహబూబ్ సైకిల్ షాపుకు వెళ్లి చెప్పాను. ట్యూబుకు అతుకు వేస్తూ తల కూడా ఎత్తలేదు. "ఇంకెవ్వడు దొర్కలేదు గావచ్చు." క్లబ్బులో నాతో పాటు లెఫ్ట్ ఔట్ ఆడినవాడు, వాడికి ఆ మాత్రం చనువుంది.

మా ఆవిడ బసమ్మ మాత్రం సంతోషంతో ఇల్లంతా తిరిగింది. "గింత మంచి మాట వస్తె గూడ మొకం గట్ల వెట్టినవేంది? నీకు నీ నీడ మీద గూడ అనుమానమే."

ఏప్రిల్ 21

హైదరాబాద్ పోయి ఫుట్‌బాల్ సంఘం సెక్రటరీని కలిశాను. కుర్చీ చూపించాడు, చాయ్ తెప్పించాడు. "అంతా మీ ఇష్టమే మాస్టారూ. మీరు వద్దన్నవాడు జట్టులో ఉండడు. రెండో ఆట అయ్యాక ఆ 'తాత్కాలికం' తీసేద్దాం."

నవ్వాడు. గెలిస్తే దండ ఆయనకు, ఓడితే నింద నాకు. అయినా ఒప్పుకున్నాను. ఆ కుర్చీ నాకు కావాలి. పేజీ దగ్గర అబద్ధమెందుకు, చాలా కావాలి.

మే 2

హైదరాబాద్‌లో మైదానం ఖాళీ లేదట. నిజమో, నన్ను దూరంగా ఉంచడమో. మా బడికి ఎలాగూ సెలవులు. ఊరు మిట్ట మీద ఉంది, సాయంత్రానికి గాలి తిరుగుతుంది. జట్టునంతా ఇక్కడికే తెచ్చాను. తరగతి గదుల్లో బెంచీలు కలిపి పడకలు. మొగుడంపల్లి నుంచి బసమ్మ వాళ్ల అన్న జొన్నలు, కందిపప్పు పంపాడు. బెంగాలీ గోల్‌కీపర్ జొన్నరొట్టెను అటు తిప్పి ఇటు తిప్పి చూసి, చివరికి ఐదు తిన్నాడు.

సాయన్నే కెప్టెన్. నా చేతి కింద పెరిగినవాడు. బస్సు దిగగానే కాళ్లకు దండం పెట్టాడు. ఇంత వినయం ఎందుకో.

మే 9

పొద్దున చిరాగ్‌పల్లి దాకా రోడ్డు మీద పరుగు. లారీవాళ్లు హారన్లు కొట్టి మరీ ఉత్సాహపరిచారు.

అసలు చిక్కు వేరే. మన పోటీల్లో ఆట డెబ్బై నిమిషాలే. విదేశీయులది తొంభై. మనవాళ్ల కాళ్లకు డెబ్బై అలవాటైపోయింది. గంట మీద పది దాటగానే అందరి కళ్లు నావైపే, ఇంటికి పోదామా అన్నట్టు. గట్టిగా తిట్టాను. "కాళ్లకు గడియారం కట్టుకుని పుట్టిన్రా?" గడియారం మహబూబ్‌కిచ్చి, తొంభై నిండేదాకా ఎవరినీ వదలొద్దన్నాను. షాపు మూసి మరీ వస్తున్నాడు వాడు.

సాయన్న ఒక్కడే చివరిదాకా పరిగెత్తాడు.

మే 15

సెక్రటరీ కారులో వచ్చాడు. క్యాంపు చూడటానికట. నేను బావి దగ్గర ముఖం కడుక్కుని వచ్చేసరికి వరండాలో సాయన్నతో మాట్లాడుతున్నాడు. నన్ను చూడగానే మాట ఆగింది.

తరువాత సాయన్నను అడిగాను. "ఏం లేదు సార్... మా అమ్మ పానం ఎట్లుందని అడిగిండు."

సెక్రటరీకి బొల్లారంలో ఉన్న ముసలమ్మ ఆరోగ్యంతో ఏం పని?

మే 20

సాయన్న కాళ్లకు వేరే బూట్లు. నిగనిగలాడుతున్నాయి. ఎక్కడివి?

జూన్ 5, కలకత్తా

ఓడిపోయాం. రాయడానికి చెయ్యి రావడం లేదు.

మొదటి గోలు మనదే. విరామం తరువాత కూడా మనదే పైచేయి. గెలుస్తున్నాం, గెలుస్తున్నాం అని గుండె కొట్టుకుంటోంది. లేచాను, కూర్చున్నాను, మళ్లీ లేచాను... ఒంటి మీద తెలివి లేదు. గడియారం చూడటానికి వెంట తెచ్చుకున్న మహబూబ్ పక్కనుంచి ఏదో అరుస్తున్నాడు. ఆ హోరులో ఏం వినబడుతుంది.

అప్పుడు — ఇంకా బోలెడు ఆట ఉండగా — సాయన్న తన చోటు వదిలేసి ముందుకు ఉరికాడు. పిచ్చి పట్టినవాడిలా అవతలి గోలు దాకా. ఇంకో ఇద్దరు వాడి వెంట. బంతి పోయింది. వాడు వెనక్కి రాలేకపోయాడు. వాళ్లు గోలు కొట్టారు. ఆ తరువాత మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు, ఉన్నచోటనే. పక్కనుంచి మనిషి పోతుంటే చూస్తూ ఉన్నాడు. రెండో గోలు.

గదిలో నిలదీశాను. "ఎందుకురికినవ్ ముందుకు?" నా ముఖం కేసి చూశాడు. తరువాత నేల కేసి. "తప్పయింది సార్" అన్నాడు. అంతే.

తప్పు తెలిసి చేసినవాడికే ఆ మాట అంత తేలిగ్గా వస్తుంది.

జూన్ 6, రైలు

తువ్వాలు లేదు. సంచంతా దులిపాను. ఎవరో నొక్కేశారు. ఉస్తాద్ తువ్వాలు కూడా మిగల్చరా!

సాయన్న తలుపు దగ్గర నిలబడి బయటికి చూస్తున్నాడు. వరండా, కారు, అమ్మ పానం, కొత్త బూట్లు... అన్నీ ఒకదానికొకటి అతుకుతున్నాయి.

జూన్ 9, జహీరాబాద్

చాయ్ హోటల్లో నేను అడుగు పెట్టగానే మాటలు ఆగాయి. వెనక బల్ల దగ్గర ఎవరో అన్నారు — "ఆట అమ్ముకున్నడట."

ఎవరు? వాడా, నేనా?

బడి తెరిచారు. సెలవు పొడిగించాను. జట్టును తోటల వైపు సత్రానికి మార్చాను. సాయన్న అందరికంటే ముందే మైదానానికి వస్తున్నాడు. నటన.

జూన్ 10

పోస్టాఫీసు నుంచి సెక్రటరీకి ట్రంకాల్. "సాయన్న వద్దు" అన్నాను.

"కారణం?"

"వాడి ఆట మీద నాకు నమ్మకం లేదు."

"అర్థమైంది" అన్నాడు. ఏం అర్థమైందో నేను అడగలేదు.

జూన్ 12

పత్రికలో పడింది. కెప్టెన్‌ను తీసేశారని, కలకత్తా ఆట మీద అనుమానాలున్నాయని. ఆ రెండో మాట నేను అనలేదు... కాదని కూడా అనలేదు.

జూన్ 13

మైదానం నుంచి వచ్చేసరికి సాయన్న వెళ్లిపోయాడు. ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని మా ఇంటి మీదుగానే పోయాడట. బసమ్మ నా ముందు ఒక మడత పెట్టింది. ఎర్ర అంచు. ఉతికి, మడిచి ఉంది.

"ఇది నీదట. కలకత్తల బెంచి కింద పడ్డదట. సబ్బు వెట్టి పిండి తెచ్చిండు."

ఇన్నాళ్లూ తనే దాచాడన్నమాట! "ఇంకేమన్నడు?"

"ఏమనలే. మజ్జిగిస్తె తాగిండు. సార్ మోకాలు ఇప్పుడెట్లున్నదమ్మా అని అడిగిండు."

బసమ్మ కళ్లు తుడుచుకుంది. నాకు కోపమొచ్చింది. ఇదేదో ఎత్తు. తువ్వాలు నాకు తిరిగివ్వడంలో ఏదో ఉంది.

జూన్ 14

ఉంది.

మహబూబ్ దగ్గరికి పోయి కూర్చున్నాను. తువ్వాలు చూపించి, చూశావా వీడి వేషాలు అన్నాను. మహబూబ్ రెంచి కింద పెట్టాడు.

"నీకు నిజంగనే యాది లేదా శివన్న?"

"ఏంది?"

"గంట మీద పది గావొచ్చింది. నువ్వే గద లేసి తువ్వాల భుజానేస్కున్నవ్. ఇంక ఇర్వై ఉన్నదిరా, తియ్యి, తియ్యి అని నేను మొత్తుకున్న. నువ్వు ఇనలే. గప్పటికే పోరడు సూసిండు. ఉరికిండు."

నేను. కుర్రాళ్ల కాళ్లకు గడియారం ఉందని తిట్టాను గానీ అది నా ఒంట్లోనే ఉంది... డెబ్బై కావస్తుండగానే నా చెయ్యే పోయి తువ్వాలు తీసుకుంది. నాకే తెలియకుండా. వాడు క్లబ్బు పద్ధతి ప్రకారం ఒంట్లో ఉన్నదంతా ఊడ్చి పెట్టేశాడు. మిగిలిన ఇరవై నిమిషాలు నిలబడటానికి కూడా వాడి దగ్గర ఏమీ లేదు.

"మరి నాకెందుకు చెప్పలే?"

"నేను చెప్తనంటె వాడు వద్దన్నడు. బయిటవడితె సార్ కుర్సీ వోతది, నన్నంటె ఏమైతది, మల్ల ఆడ్త అన్నడు. నువ్వు వాన్నే తీసేస్తవని ఎవనికెరుక?"

మరి ఆ బూట్లు ఎక్కడివి? అని అడిగాను. సిగ్గు లేకుండా.

"అవి నావే యార్. పాతవి. పాలిష్ వెట్టి ఇచ్చిన."

జూన్ 15

అన్నం పోలేదు. వాడు "తప్పయింది సార్" అనేముందు నా ముఖం కేసి చూశాడు కదా. నాకు గుర్తుందో లేదో అని చూశాడు. అది ఇప్పుడు తెలుస్తోంది. ఏడుపు వచ్చింది. బసమ్మ చూసి చూడనట్టు రొట్టెలు చేసుకుంటూ ఉండిపోయింది.

సెక్రటరీ వరండాలో వాడితో ఏం మాట్లాడాడో మాత్రం ఇప్పటికీ తెలియదు. బహుశా నిజంగానే అమ్మ పానం గురించేనేమో.

జూన్ 16

మళ్లీ ట్రంకాల్. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఇక నన్ను తీసేస్తాడు, దీని కోసమే కాచుకుని ఉంటాడు అనుకున్నాను.

"మాస్టారూ, ఈ మాట ఇంకెక్కడా అనకండి" అన్నాడు, మెత్తగా. "పత్రికల్లో వచ్చింది వచ్చినట్టే ఉండనివ్వండి. జనానికి ఒక మనిషి దొరికాడు, ఊరుకున్నారు. మీరు హైదరాబాద్ ఆట చూసుకోండి. కుర్చీ మీదే."

నన్ను దించుతాడని ఇన్నాళ్లు అనుమానించానే, ఆ మనిషి నన్ను నిలబెడుతున్నాడు. అది ఇంకా భయంగా ఉంది. ఇక జన్మంతా ఆయన చెప్పినట్టు వినాలి.

వద్దు అనలేదు నేను. ఫోను పెట్టేశాను. "సరే సార్" అనే అన్నట్టున్నాను.

జూన్ 18

బసమ్మకు అన్నీ చెప్పాను. కలుపుతున్న పిండి పక్కకు జరిపింది.

"సాయన్న వాళ్లమ్మ పేపర్ సదివించుకోని ఇంటదా?" అని అడిగింది.

తెలియదన్నాను.

జూన్ 19, బస్సులో

అక్షరాలు ఊగుతున్నాయి. జట్టు నిన్ననే పోయింది. ఈ సాయంత్రం పత్రికలవాళ్లు వస్తారు. సెక్రటరీ నా పక్కనే కూర్చుంటాడట. నేనేం మాట్లాడాలో ఆయనే చెప్తాడట.

బయలుదేరేటప్పుడు బసమ్మ అంది — "సంచిల తువ్వాల వెట్టిన. జర పైలం." ఎందుకు పెట్టావని అడగలేదు. అడిగితే చెప్పేది.

పటాన్‌చెరులో దిగితే బొల్లారం పోవచ్చు. సాయన్నను వెంటబెట్టుకుని, వాడి పక్కన నిలబడి పత్రికలవాళ్ల ముందు చెప్పొచ్చు. దిగకపోతే బస్సు నేరుగా సెక్రటరీ ఆఫీసు ముందు ఆగుతుంది. కుర్చీ ఉంటుంది. చాయ్ కూడా వస్తుంది. దిగుతానని పొద్దుటి నుంచి అనుకుంటున్నాను. నేననే ఈ మనిషి మాట నమ్మడానికి లేదు.

కండక్టర్ అరుస్తున్నాడు — పటాన్‌చెరు, పటాన్‌చెరు. సంచిలోంచి తువ్వాలు తీసి భుజం మీద వేసుకున్నాను. ఇంకా సబ్బు వాసన వస్తోంది. బస్సు నెమ్మదిస్తోంది. మోకాలు బిగుసుకుపోయింది, లేస్తుందో లేదో...