పుత్తూరు కట్టుకు లొంగని ఎముక

అన్నకు, బంగారుపాళ్యం నుంచి నీ చెల్లెలు రాస్తున్నది.

ఫోనులో చెబితే మధ్యలోనే పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను. తిరుపతి డాక్టరమ్మ నీ ఎముకల మూలుగలో కొన్ని రక్తకణాలు మారిపోయాయని చెబితే, నువ్వు పుత్తూరుకు పోయి కట్టు కట్టమన్నావట. కట్టు కట్టే ఆయన ఒళ్లంతా తడిమి, "యాడా విరగలేదప్పా, ఆసుపత్రికే పో" అన్నాడని వదిన చెప్పింది. అందులో విరగలేదన్న సగం మాటే విని, నువ్వు మళ్లీ బీడీ ముట్టించావు.

ఇది విరిగింది కాదన్నా, వయసు మీద పడితే వచ్చే మార్పు. ఇప్పటికి క్యాన్సర్ కాదు. కానీ కొందరికి అటు తిరుగుతుంది, గుండెకూ చేటు చేస్తుంది. పొగ మానాలని, బీపీ అదుపులో పెట్టుకోవాలని, రక్తం చూపించుకుంటూ ఉండాలని డాక్టరమ్మ చెప్పింది.

నీకొక్కడికే కాదు. నీరసంగా ఉందని పోయిన నెల నేనూ ఆమెకే చూపించుకున్నాను. నాకూ అదే ఉందట. ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఏ అలవాటూ లేని నాకు వయసే కారణమంది.

సోమవారం ఇద్దరం కలిసే తిరుపతికి పోదాం, పొద్దున్నే చిత్తూరు బస్టాండులో ఉంటాను. మానడానికి నీకు బీడీ అయినా ఉంది. నాకు అదీ లేదు.