పున్నమికి అండమాన్

రాజాం, జనవరి 8, 2017, ఆదివారం

అండమాన్‌లో ఏ బీచ్‌కి వెళ్లాలో, ఎవరు ఏం చెయ్యాలో మొత్తానికి ఈ రోజు తేల్చేశాను. పిల్లలకి అడుగున అద్దం ఉన్న పడవ, మా ఆయనకి స్కూబా డైవింగ్, నాకు మోకాళ్ల లోతు దాటని నీళ్లు. పున్నమి, అమావాస్య లాంటి పర్వదినాన తప్ప సముద్రాన్ని ముట్టుకోకూడదని మా అత్తగారి నియమం. కళింగపట్నం వెళ్లినా ఇసుక మీదే కూర్చుంటారు. అందుకే ఆవిడ కోసం నీడా బెంచీలూ ఉన్న బీచ్ పనిగట్టుకుని వెతికాను.

భోజనాల దగ్గర ఆ బెంచీల ఫొటో చూపించాను, మురిసిపోతారనుకుని. ఫోను పక్కకి నెట్టేశారు.

"ఏటే, అంత దూరం వొచ్చి ఒడ్డున కూకోని మీ సెప్పులు కాయాలేటి నాను? పున్నమికి టికెట్లు తియ్యమను. ఆ రోజైతే నానూ దిగుతాను."

మా ఆయన నవ్వుతూనే లేచి పంచాంగం తెచ్చారు. నాకూ సంతోషంగానే ఉంది. కానీ పున్నమికి సముద్రం పొంగుతుంది కదా, నా మోకాళ్ల లోతు లెక్క ఏమవుతుందో! ఆవిడ చెయ్యి పట్టుకుని దింపాల్సింది నేనే, నాకా ఈత రాదు. సాయంత్రం పూలు కడుతుంటే మెల్లగా చెప్పాను, భయంగా ఉంది అత్తయ్యా అని.

తలెత్తకుండానే, "అలగైతే సెప్పులు నువ్వు కాద్దువు గాని" అన్నారు.

ఇక దిగక తప్పేలా లేదు.