ప్యాంటు మడతలో గంగపావిలి

మా ఇంటావిడకి,

ఇక్కడ నేను బాగున్నాను, పిల్లి నాకన్నా బాగుంది. అక్కడ నువ్వూ, అమ్మాయీ, దాని కడుపులో ఉన్న బుల్లిప్రాణమూ బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అంది మూడు వారాలు దాటింది, జవాబు ఆలస్యమైంది. అడిగినవాటికి చెప్తున్నా. వంట నేనే చేసుకుంటున్నాను. మాడుతోంది, తింటున్నాను. కళ్లజోడు దొరికింది, నెత్తిమీదే ఉంది. పొరుగావిడతో నేను పోట్లాడలేదు. ఆవిడే పోట్లాడింది.

అమ్మాయికి రక్తం తక్కువైందని రాశావే, ఆ ముక్క దగ్గర నా చూపు ఆగిపోయింది. మాత్రలు వేసుకుంటే కడుపులో తిప్పుతోందా? డాక్టరమ్మతో చెప్పి వేరేవి రాయించుకోమను. మానొద్దని గట్టిగా చెప్పు. ఏ కూరా సయించడం లేదు, మన దొడ్లో గంగపావిలీ చిలకతోటకూరా అడుగుతోంది, వచ్చేటప్పుడు సంచీడు కోసుకురా అన్నావు. అది నువ్వు చేసిన అలవాటే. మీరిద్దరూ ఆ పిచ్చాకు తింటుంటే "నేనేమన్నా మేకనా?" అని కంచం పక్కకి జరిపేవాణ్ణి. ఆటమైదానంలో కలుపు పీకి బతికినవాణ్ణి, ఇంటికొచ్చాక ఆ కలుపే తినమంటే ఎట్లా?

అయినా అమ్మాయి సంగతి కదా అని వీధి చివర ఆస్పత్రి నర్సమ్మను అడిగాను. "ఆ పిచ్చాకులో ఏముందమ్మా, ఉత్త గడ్డేగా?" అన్నాను.

"గడ్డి కాదు తాతా. చిలకతోటకూరలో ఇనుముంది, కాల్షియముంది. గంగపావిలిలో చేపల్లో ఉండేలాంటి మంచి కొవ్వుంది, ఆకుకూరల్లో అది అరుదు. కాస్త నిమ్మరసం పిండుకుంటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. ఉడికించిన నీళ్లు పారబొయ్యాలి, మరీ ఎక్కువ తింటే కిడ్నీలో రాళ్లు పడొచ్చు. డాక్టరమ్మని ఒక మాట అడిగి కొంచెంకొంచెంగా పెట్టండి. మాత్రలకి తోడే గానీ బదులు కాదు," అంది. అని ఊరుకుందా! "ఇంతకీ ఇన్నేళ్లూ ఇంత బలాన్ని పీకి పారేసింది నువ్వేనా?" అని నవ్వింది.

ఒకవేళ అక్కడ బజార్లో కొంటే కాడ తుంచి చూడు. అచ్చం గంగపావిలిలాగే నేలబారున పాకేది ఇంకోటుంది. తుంచితే పాలు కారతాయి. అది తినకూడదు. కలుపుమందు కొట్టినచోట మొలిచింది అసలే వద్దు.

మందు మాట వచ్చింది గనక ఇక దాచలేను. దొడ్లో ఒక్క ఆకు లేదే. మైదానంలో నా తర్వాత పనికి చేరినవాడు నెల కిందట వచ్చి, "పెద్దాయనా, నీ దొడ్డేనా ఇది? అడివిలా ఉందే!" అన్నాడు. నా తల తీసేసినట్టయింది. వాడి దగ్గరే పంపు తీసుకుని మూలమూలకీ మందు కొట్టాను. అంతా మాడింది. ఎంత శుభ్రంగా ఉందోనని మురిసిపోయాను కూడా. మర్నాడు నీ ఉత్తరం వచ్చింది. తిట్టు, పడతాను.

ఉత్తచేతుల్తో వచ్చి అమ్మాయి మొహం ఎలా చూడను? రెండు పూటలు అన్నం సయించలేదు. ప్రయాణానికి ఉంటుందని నా మైదానం ప్యాంటు తీస్తే కింది అంచు చిరిగి ఉంది. దర్జీ దగ్గరికి పట్టుకెళ్లాను. కుట్టు విప్పగానే మడతలోంచి నల్లటి నలుసులు బల్లమీద రాలాయి.

"ఇదేంటి బావా, మైదానాన్ని ఇంటికి మోసుకొచ్చావా?" అంటూ వాడు ఊదబోయాడు.

వాడి నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. గంగపావిలి విత్తనం నాకు తెలీదా! ఆ ప్యాంటుని నువ్వు ఎన్నిసార్లు బండకేసి బాదావో, అయినా చావలేదు మొండిది. దర్జీ పెరట్లో మందు పడని మట్టి అడిగి, బకెట్టు అడుగున చిల్లులు పొడిచి, నింపి చల్లాను.

మొలిచిందే! ఎర్రటి కాడలు, బెత్తెడు ఎత్తు. పీకడం తప్ప తెలియని చేతుల్తో నీళ్లు పోస్తున్నాను. మైదానంవాడు గోడమీంచి చూసి, "కలుపుని పెంచుతున్నాడు, పెద్దాయనకి మతిపోయింది," అన్నాడు. పోతే పోయింది.

ఆదివారం బస్సుకి వస్తున్నాను. బకెట్టు ఒళ్లోనే పెట్టుకుంటాను, ఎవరు నవ్వినా సరే. మొదట ఒక ముద్దకే వస్తుంది. కోసినకొద్దీ చిగురేస్తుంది గనక అమ్మాయి కిటికీలో పెడదాం.

ఒక ఆకు తుంచి మేకలాగా నమిలి చూశాను. పుల్లగా ఉంది. బాగుంది. ఈ ముక్క మాత్రం అమ్మాయికి చదివి వినిపించకు.

ఇట్లు,
అమ్మాయి నాన్న