కొంగుకు వేసిన ముడి

1988 మార్చి, శనివారం రాత్రి



మైదానంలో హైదరాబాద్ ఆర్కెస్ట్రా అనేసరికి చుట్టుపక్కల ఊళ్లన్నీ మా ఖేడ్‌కే కదిలొచ్చాయి. చిన్నప్పుడు బోరంచ జాతరలో మా అమ్మ నన్ను తన కొంగుకు కట్టుకున్నట్టే, తప్పిపోకుండా నా బిడ్డ రాణి ఓణీ అంచును నా కొంగుకు ముడేశాను.

"పన్నెండేండ్ల పోరిని గట్ల కడ్తవా?" అని పక్కింటి సుశీల నవ్వింది.

డ్రమ్ములు, గిటార్లు ఒక్కసారిగా మోగాయి. వెనకున్న జనం ముందుకు తోసుకొచ్చి నాకూ రాణికీ మధ్యకు దూరారు. ఓణీ రాణి మెడకు చుట్టుకుంది. నాకది కనిపించలేదు. బిడ్డ కొట్టుకుపోతోందని కొంగు పట్టి గట్టిగా లాగాను. అది అరిచినా ఆ మోతలో వినబడలేదు.

"గుంజకు! నువ్వే సంపుతున్నవ్!" అంటూ సుశీల నా కొంగును పళ్లతో చింపేసింది.

ఇంటికొచ్చాక రాణి మెడ మీద ఎర్రటి గీత చూశాను.

"ఎవలో గుంజిన్రమ్మా. నీ ముడి లేకుంటే సచ్చిపోతుంటి. ఇయ్యాల గట్లనే కట్టుకొని పండుకుందాం" అంది.

నేను కట్టలేదు. రాణే నా కొంగును పిడికిట్లో పట్టుకుని నిద్రపోయింది. కదిలితే మళ్లీ లాగినట్టవుతుందేమోనని, ఇలాగే కూర్చుని ఉన్నాను.