క్లోరిన్ గది తలుపు

పెద్దనాన్నగారికి,

నమస్కారాలు. మోకాలి ఆపరేషన్ కుట్లు మానుతున్నాయని విన్నాను, సంతోషం. ఈ ఉత్తరంలో సంతోషం ఇంతటితో సరి.

నేను ఈత బడి ఆఫీసులో కుర్చీ కోసం అలిగి స్నేహితురాలి గదికి చేరానని ఇంటిల్లిపాదీ తేల్చేశారట. చిన్నప్పుడు జ్వరమొస్తే బడి ఎగ్గొట్టే వేషమన్నారు. పెద్దయ్యాక పుస్తకం పట్టుకుంటే పొగరన్నారు. ఇప్పుడు కోపమొస్తే కుర్చీ అంటున్నారు. భోజనాల దగ్గర నేను చెప్పినప్పుడల్లా పెద్దమ్మ నా కంచంలో ఇంకాస్త అన్నం వేసింది. ఆకలేసి అరుస్తున్నాననుకుంది కాబోలు. ఫోన్ చేస్తే మీరు సగంలో ఆవిడకిచ్చేస్తారు, ఆవిడ ఏడుస్తుంది, నేను పెట్టేస్తాను. అందుకే రాసి వాచ్‌మన్ చేత పంపుతున్నాను.

మన ఈత బడిలో కోచ్‌గా ఉన్న మీ అల్లుడుగారు, అంటే మా బావ, లోతు వైపు దూకడానికి భయపడ్డ పిల్లల్ని క్లోరిన్ డబ్బాలుండే గదిలోకి తోసి గడియ పెడుతున్నాడు. దానికి 'ధైర్యం గది' అని పేరు కూడా పెట్టాడు. మొన్న బుడగని పెట్టాడు. తెలుసుగా, నీళ్ళలో బుడగలు ఊదుతూ నవ్వే ఏడేళ్ళ పిల్ల, దర్జీ ఆవిడ కూతురు. గడియ తీసి బయటికి తెచ్చింది నేనే.

పిల్లలున్న ప్రతి చోటా బాలల రక్షణ చూసే మనిషి ఒకరుండాలని ప్రభుత్వం అంటే, చేతిరాత బాగుందని నా పేరు బోర్డుకెక్కించింది మీరే. శిక్షణకి పంపిందీ మీరే. అక్కడ మార్గదర్శకాల పుస్తకం ఇచ్చారు. ఆరోపణ వచ్చినవాడు విచారణ తేలేదాకా పిల్లల దరిదాపులకి రాకూడదని అందులో ఉంది. బావని రేపట్నించి రానివ్వకండి.

ఇట్లు,
మీ తమ్ముడి కూతురు

తా.క.: పుస్తకం ఎక్కడుందని అడిగారట. మీ కాలికి ఎత్తు చాలక పెద్దమ్మ దిండు కింద పెట్టింది. తీసి చదవండి. కాలు కొంచెం దిగుతుంది, ఫరవాలేదు.

*

చిరంజీవి అమ్మడికి పెద్దనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందరికీ చదివి వినిపించాను. అల్లుడు కడుపుబ్బ నవ్వాడు. నీ మీద కోపమేం పెట్టుకోలేదు, ఎంత మంచివాడో చూడు.

పుస్తకం చూశాను. ఏ పేజీ తిప్పినా 'మూసిన తలుపుల వెనక' అనే ఉంది. కిటుకంతా తలుపుల్లో ఉందన్నమాట. ఆ ముక్క ముందే చెప్తే పోయేదిగా. వడ్రంగిని పంపి తలుపులన్నీ ఊడదీయించాను. తలుపే లేకపోతే మూసేదేముంది? ఈ ఉపాయం ఆ పుస్తకం రాసినవాళ్ళకి కూడా తట్టలేదు. పనిలో పనిగా నీకు గిర్రున తిరిగే కుర్చీ ఒకటి పంపాను.

ఇకపోతే ఆ దర్జీ ఆవిడ. నీ పిల్ల మొండిదమ్మా అని అల్లుడు చెబితే దణ్ణం పెట్టి వెళ్ళింది. కన్నతల్లికి లేని బాధ నీకెందుకు? మీ అక్క కాపురం కూడా కాస్త ఆలోచించు.

ఇట్లు,
పెద్దనాన్న

తా.క.: బాత్రూముల తలుపులు కూడా పోయాయట. వడ్రంగితో తలుపుకింత అని మాట్లాడాను, వాడు దేన్నీ వదల్లేదు. క్లోరిన్ గది తలుపు మాత్రం నేనే ఉంచమన్నాను. అది తీస్తే ఆ ఘాటు ఆఫీసులోకొచ్చి నీకు తలనొప్పి.

*

పెద్దనాన్నగారికి,

నమస్కారం.

కుర్చీ అందింది. వాచ్‌మన్ కూర్చుని చూసి బాగుందన్నాడు, వాడికే ఇచ్చేశాను.

ఈత బడి ఇప్పుడు పళ్ళూడిన నోరులా ఉంది. ఆడపిల్లలు బట్టలు మార్చుకోవాలంటే ఒకరికొకరు తువ్వాళ్ళు అడ్డం పట్టుకుంటున్నారు. ఇంత భవనంలో మిగిలింది ఒక్క తలుపు. నేను ఏ తలుపు గురించి మొత్తుకున్నానో ఆ తలుపు. దానికి గడియ బయటివైపు. డబ్బాలేమన్నా పారిపోతాయా, గడియ పెట్టడానికి?

నా మాట మీకు ఎక్కదు, పిల్ల మాట వినండి. నిన్న బుడగ వచ్చింది. నీళ్ళ వైపు పోకుండా నా బల్ల పక్కన నిలబడింది. నేనేమీ అడగలేదు. గుచ్చి గుచ్చి అడగకూడదని మాకు నేర్పారు. కాసేపటికి తనే, ఎవరికీ చెప్పనంటే చెప్తానక్కా అంది. ఆ మాట ఇవ్వలేను, నీకు సాయం చేసేవాళ్ళకి చెప్పాల్సి వస్తుందన్నాను. బొటనవేలితో తడి నేల మీద గీతలు గీసింది. తర్వాత చెప్పింది.

"లోపల కళ్ళు మండాయక్కా. ఏడిస్తే ఇంకాసేపు ఉంచుతానన్నారు సార్. అందుకని తువ్వాలు నోట్లో కుక్కుకున్నా."

ఇది కూడా అందరికీ చదివి వినిపించండి. బావ ఎక్కడ నవ్వుతాడో చూడండి.

దర్జీ ఆవిడకి పిల్ల మొండిదని చెప్పారు గానీ గది సంగతి చెప్పలేదు. దణ్ణాలు లెక్కలోకి రావు. బావని ఆపండి. వాడి బ్యాచ్ రోజూ సాయంత్రం నడుస్తూనే ఉంది.

ఇట్లు,
మీ తమ్ముడి కూతురు

తా.క.: అక్క కాపురం అన్నారు. అక్క పిల్లలిద్దరూ సొంత ఈత బడికి ఎందుకు రారో ఎప్పుడైనా అడిగారా?

*

చిరంజీవి అమ్మడికి ఆశీస్సులు.

ఈసారి ఎవరికీ చదవలేదు. మీ పెద్దమ్మకి బీపీ. ఆ పిల్ల మాట చదివితే నాకూ ఎలాగో అయింది, అబద్ధమెందుకు. కానీ పిల్లలన్నాక ఒకటికి రెండు కలుపుతారు. మేమూ గోడకుర్చీలు వేసి పెరిగినవాళ్ళమే, బతికి బట్టకట్టలేదా?

మంచం మీద పడి ఆలోచించగా అసలు సంగతి బోధపడింది. కుర్చీ ఇచ్చి పదవి ఇవ్వకపోతే ఎవరికైనా మండుతుంది. తప్పు నాదే. నా కాలు బాగయ్యేదాకా ఈత బడి మొత్తం నీకప్పగిస్తూ సంతకం పెట్టాను. మనుషుల్ని పెట్టుకోవడం, తీసేయడం, తాళాలు, సమస్తం నీ చేతికే. వకీలుగారు ముద్ర కూడా వేశారు. కాగితం ఈ కవర్లోనే ఉంది. బరువు నెత్తిన పడితే నువ్వే బావతో సర్దుకుపోతావు. "ఇచ్చేయండి మావయ్యగారూ, ఏం చేస్తుంది," అన్నాడు అల్లుడు. ఇక అడగడానికి నీకేం మిగల్లేదు.

ఇట్లు,
పెద్దనాన్న

తా.క.: అక్క పిల్లలది జలుబు తత్వం, అందుకే రారు. అక్కని అడిగాను కూడా. తోమిన గిన్నెలే మళ్ళీ తోమింది.

ఇంకో తా.క.: ఫిర్యాదుల పెట్టె ఉండాలట కదా, పెట్టించాను. తాళంచెవి అల్లుడి దగ్గర పెట్టాను, భద్రంగా ఉంటుందని.

*

పెద్దనాన్నగారికి,

కాగితం అందింది. మీరు పంపినవాటిలో పనికొచ్చింది ఇదొక్కటే.

దాని బలంతో మొదటి సంతకం బావని పనిలోంచి తప్పిస్తూ పెట్టాను. గేటు దగ్గర ఆపితే నేనెవరనుకున్నావురా అని వాచ్‌మన్ మీదికి వెళ్ళాడట. వాచ్‌మన్ కాగితం మొత్తం చదివి వినిపించాడు, కింద మీ సంతకం దాకా, నిదానంగా.

మీరు అడగలేదు గనక నేను చెప్పని సంగతి ఒకటుంది. బాలల రక్షణ కార్యాలయానికి ఫిర్యాదు నేను మీకు మొదటి ఉత్తరం రాయకముందే ఇచ్చాను. గడియ తీసిన చేత్తోనే ఫోన్ చేశాను. దానికి పెద్దనాన్నల అనుమతి అక్కర్లేదు. మిమ్మల్ని అడిగిందల్లా అధికారులు వచ్చేదాకా వాణ్ణి పిల్లలకి దూరంగా ఉంచమని. దానికి మీరు తలుపులు పీకించారు.

నిన్న అధికారిణి వచ్చింది. దర్జీ ఆవిడ కూడా వచ్చింది. సంగతంతా విని ఆ గదిలోకి తనే వెళ్ళి గడియ పెట్టమంది. పెట్టాను. పెట్టీ పెట్టగానే లోపల్నించి తలుపు బాదింది. తీస్తే కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చింది. ఎవరికీ దణ్ణం పెట్టలేదు.

సాయంత్రం అక్క వచ్చింది, పిల్లలిద్దర్నీ తీసుకుని. వాళ్ళు అధికారిణితో ఏం చెప్పారో నేను రాయకూడదు, రాయను. జలుబు ప్రస్తావన మాత్రం ఎవరూ తేలేదు.

బాత్రూములకి తలుపులు బిగించేదాకా ఈత బడి మూసేశాను.

ఇట్లు,
మీ తమ్ముడి కూతురు

తా.క.: ఈ సంగతి తెలిసీ ఊరుకున్నవాళ్ళు ఇంకెవరని అధికారిణి అడిగింది. ఊరుకోవడం కూడా నేరమేనట. మీ పేరు చెప్పాను. రాసుకుంది. వెనక్కి తీసుకోను.