అంచులు కోయని ఆల్జీబ్రా పుస్తకం

బందరు, గురువారం రాత్రి.

సొంతంగా చదువుకోవడానికి ఏ ఆబ్‌స్ట్రాక్టు ఆల్జీబ్రా పుస్తకం మంచిదని పక్కింటి లెక్చరరు బావగారిని అడిగాను. లావుపాటి విదేశీ పుస్తకం చూపించి, "ఇది నేనే మూడుసార్లు చదవాల్సొచ్చిందండీ. మీరు ఇంటరు తప్పారు కదా, ఆ పక్కనున్న సన్న పుస్తకం చాలు" అన్నాడు. పెద్ద మేధావి! తెరిచి చూస్తే పేజీలన్నీ అచ్చయి వచ్చినప్పటిలాగే అంచుల దగ్గర అతుక్కునే ఉన్నాయి. కోస్తేగాని చదవడానికి వీల్లేదు.

వెంటనే మా ఇంట్లోంచి కత్తిపీట తెచ్చి, అరుగు మీద అందరూ చూస్తుండగా ఆయన ముందు పెట్టాను. "నాలుగోసారికైనా కోసుకోండి బావగారూ!" మొహం మాడ్చుకుని లోపలికి పోయాడు. పుస్తకం నేనే పట్టుకొచ్చాను.

ఇందాక కోసుకుంటూ మొదలుపెట్టాను. రెండో పేజీలో గ్రూపు అంటే ఏమిటో అంతుపట్టక ఆగిపోయాను. ఊళ్లో అడగడానికి ఆ దద్దమ్మ తప్ప ఇంకెవరున్నారు... ఆయన్ని అడిగేదేమిటి! సన్నది నాకక్కర్లేదు, దీన్నే చదువుతాను. అర్థం కాకపోతే పోయింది, ఆయనకన్నా రెండు పేజీలు ముందున్నాను.