నర్సవ్వ కాళ్లు

కార్తీకం, బుధవారం. సిద్దిపేట.

జ్వరం వచ్చి నా కాళ్లు పడిపోయిన నాటి నుంచి మా మగ్గానికి ఇద్దరం కావలసి వస్తోంది. మగ్గం గుంటలో నా పక్కనే ఒదిగి కూర్చుని నా భార్య నర్సవ్వ కాలి చెక్కలు తొక్కుతుంది, నేను అడ్డపోగు నాడె విసురుతాను. ఈ రోజు చీర కొంగులో గొల్లభామ బొమ్మ నేస్తుండగా ఆమె తప్పు చెక్క తొక్కింది. పోగులు పుటుక్కున తెగాయి.

"కండ్లు యాడ వెట్టినవే?" అని కసిరాను.

పోగులు అతుకుతూ నవ్వింది. "నన్నెందుకు తిడ్తవ్? గియి నీ కాళ్లే గద. నేను మోస్తున్న, గంతే."

తెగిన పోగు కొస ఒకటి వెతికి ఆమె చేతికి అందించాను.

దీపం పెట్టే వేళ ఆమె గుమ్మంలో కూర్చుని మడమలు పిసుక్కుంటోంది. ఈ కాళ్లు కూడా అరిగిపోతే... చేతుల మీద జరుగుతూ వెళ్లి, నూనె తీసుకుని ఆమె పాదం పట్టుకున్నాను. చటుక్కున వెనక్కి లాక్కుంది.

"అయ్యో, మొగనితోని కాళ్లు పట్టిచ్చుకుంటరా? పాపం తగుల్తది!"

"నీ కాళ్లు ఎవలు పట్టిన్రు? నా కాళ్లకు నేను నూనె రాసుకుంటున్న," అంటూ ఆ పాదాన్నే మళ్లీ పట్టుకున్నాను.

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. కాసేపటికి రెండో పాదం తనే నా ఒడిలోకి జరిపింది.